చిన్న పెరటిలో పలు పంటలు

విద్యార్థులారా! తోట వేయుటకు ఎకరముల కొలది భూమి కావలెననుట నిజము కాదు. మన హోసూరు పట్టణమున ఇండ్లు పెరుగుచున్నవి, పెరడులు తరుగుచున్నవి. అయినను పొడవు 10 అడుగులు, వెడల్పు 10 అడుగులు గల చోటుండి, దినమునకు ఆరు గంటల యెండ తగిలినచో పలువిధములైన కూరలు పండించుకొనవచ్చును.

మా పొరపాటును ముందుగా చెప్పెదము. తొలియేడు మేము పెరడంతయు టమాటా మొక్కలతో నింపితిమి. కొన్నాళ్ళు తినలేనన్ని కాయలు కాసినవి. పిదప ఒక మొక్కకు ఎండుతెగులు సోకి, తోట యంతటికిని వ్యాపించెను. ఒకే పంటను నమ్ముకొన్న తోటను పాడుచేయుటకు ఒకే తెగులు చాలునని నాడు తెలిసికొంటిమి.

మరుసటి యేడు నడుమ అడ్డముగను నిలువుగను రెండడుగుల బాటలు విడిచి, నాలుగేసి అడుగుల మడులు నాలుగు చేసితిమి. మడిని త్రొక్కకయే చేయి అందును గనుక మన్ను గట్టిపడదు. ఒక మడిలో తోటకూర, మెంతికూర, గోంగూర. రెండవదానిలో వంగ, మిరప, టమాటా. మూడవదానిలో ముల్లంగి, ఉల్లి. నాలుగవదానిలో చిక్కుడు, అలసంద వేసితిమి. బీర, కాకర తీగలకు ఉత్తరపు అంచున పందిరి కట్టితిమి. అచట నున్నచో వాని నీడ తక్కిన మొక్కలకు అంతగా అడ్డురాదు.

వంగ, మిరప, టమాటా ఒకే కుటుంబపు మొక్కలు. వాని తెగుళ్ళు కొన్ని భూమిలోనే నిలిచియుండును. కావున పంట పంటకును మడి మార్చవలెను. చిక్కుడు, అలసందల వేళ్ళపై చిన్న బుడిపెలుండును. వానిలోని రైజోబియం అను సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారముగ మార్చును. కాపు ముగిసిన పిదప మొక్కను పెరుకక, మొదలంట కోసి, వేళ్ళను భూమిలోనే విడువవలెను. ఆ మడిలో తరువాత ఆకుకూరలు వేసినచో బాగుగ పెరుగును.

తోటకూర నెల దినములలో కోతకు వచ్చును. వంగ నాటిన రెండు నెలలకు గాని కాయదు. కావున వంగనారు నడుమ తోటకూర చల్లినచో, వంగ గుబురుగ పెరుగులోపల ఆకు మన యింటికి చేరును.

ఒకనాడు పిల్లలను మొక్కల పేర్లడిగితిమి. పీర్కంగాయ్, అవరైక్కాయ్ అని తడుముకొనక చెప్పిరి. బీర, చిక్కుడు అను పేర్లు కొందరికే తోచినవి. తమిళ నామములు నేర్చుట మేలే. అంగడిలో అవియే కావలెను. కాని తోటకు వచ్చిన ఒక తల్లి గోంగూరను తాకి, “మా అమ్మ దీన్ని గోగాకు అనేది సార్. పిల్లలకు చెప్పడం మేమే మానేశాము” అన్నది. ఆ మాట మమ్ము మిక్కిలి బాధించెను.

కావున తల్లిదండ్రులకు మా మనవి: పిల్లలచే ఒక్క మడి యైనను వేయింపుడు, కోసిన కూరను ఇంట తెలుగు పేరుతో పిలువుడు. విద్యార్థులారా! ప్రతి మొక్క చెంతను రెండు భాషలలో పేరు వ్రాసిన పలక నిలుపుడు. తెలుగు పేరు తెలియనిచో ఇంటిలోని పెద్దలను అడుగుడు. కొన్ని కాయలను ముదురనిచ్చి విత్తనము దాచుట తోటమాలి ధర్మము. పేరును దాచుట మన ధర్మము.