వరికోత యంత్రాల టర్బో డీజిల్ ఇంజన్లలో బూస్ట్ తగ్గుదల: క్షేత్రస్థాయి నిర్ధారణ, సవరణ

వరి గింజలో తేమ 20 నుంచి 22 శాతం ఉండే దశ కంబైన్ కోతకు అనువైనది. ఆ దశ ఎక్కువ రోజులు నిలవదు. అది దాటితే గింజ రాలుడు పెరుగుతుంది, మరలో నూక శాతం పెరుగుతుంది. కోస్తా జిల్లాలలో అక్టోబరు, నవంబరు నెలల తుపానుల భయం దీనికి అదనం. కృష్ణా మండలంలో వరి మాగాణుల్లో మినుము విత్తే రైతు కోతకు రెండు మూడు రోజుల ముందే విత్తనం చల్లుకుంటాడు. అనుకున్న రోజున కోత జరగకపోతే మొలకెత్తిన మినుము యంత్రం చైన్ల కింద నలిగిపోతుంది. ఈ పరిస్థితిలో కోతయంత్రం ఇంజను బలం తగ్గడం కేవలం మెకానిక్ సమస్య కాదు, పంట యాజమాన్య సమస్య.

యంత్రం అద్దె చాలాచోట్ల గంటల లెక్కన వసూలవుతుంది. బలం తగ్గిన యంత్రం ఎకరానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆ అదనపు సమయానికి డబ్బు చెల్లించేది యంత్రం యజమాని కాదు, రైతు. పైగా నూర్పిడి డ్రమ్ము, జల్లెడలు, గాలి పంకా అన్నీ ఒకే ఇంజనుతో తిరుగుతాయి కాబట్టి ఇంజను వేగం కుంగినప్పుడల్లా గడ్డితోపాటు గింజ వెనుకకు పోతుంది. ఆ నష్టం ఏ రసీదులోనూ కనిపించదు. విస్తరణ శాస్త్రవేత్త గట్టున నిలబడి ‘యంత్రం ఎందుకు నెమ్మదించింది’ అన్న ప్రశ్నకు సమాధానం వెదకగలగడం ఇందువల్లనే అవసరం.

గాలి లెక్క

ఒక కిలో డీజిలు పూర్తిగా మండడానికి సిద్ధాంతరీత్యా సుమారు 14.5 కిలోల గాలి కావాలి. పొగ లేకుండా మండాలంటే పూర్తి లోడు మీద ఆచరణలో 20 కిలోల వరకు ఇవ్వవలసి ఉంటుంది. అంటే లీటరు డీజిలుకు దాదాపు 14 ఘనపు మీటర్ల గాలి. గంటకు 10 లీటర్లు కాల్చే ఇంజను గంటకు 140 ఘనపు మీటర్ల గాలిని, అదీ కోతపొలం ధూళితో నిండిన గాలిని, పీల్చుకుంటుంది.

ఇంత గాలిని సిలిండర్లు తమంతట తాము పీల్చుకోలేవు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకీ 1905లో పేటెంటు పొందిన ఆలోచన ఇక్కడే పనికివచ్చింది. వృథాగా పోయే ఎగ్జాస్టు వాయువులతో ఒక టర్బైను చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న కంప్రెసరు చక్రంతో గాలిని సిలిండర్లలోకి నెట్టడం ఆ ఆలోచన. నేటి చిన్న టర్బోచార్జర్లలో ఈ ఇరుసు నిమిషానికి లక్షకు మించి తిరుగుతుంది. నొక్కుడుపడిన గాలి వేడెక్కుతుంది కనుక, దానిని చల్లార్చడానికి మధ్యలో ఇంటర్‌కూలరు ఉంటుంది.

వాతావరణ పీడనానికి మించి లభించే అదనపు పీడనమే బూస్ట్. విద్యార్థులు తరచు పొరబడే అంశం ఒకటి ఇక్కడ ఉన్నది. బూస్ట్ సగానికి పడిపోతే గాలి సగానికి పడిపోదు. తయారీదారు చెప్పిన బూస్ట్ 1 బార్ అనుకుంటే మానిఫోల్డులో మొత్తం పీడనం సుమారు 2 బార్లు. బూస్ట్ 0.5 బార్‌కు తగ్గితే మొత్తం 1.5 బార్లు, అనగా గాలిలో తగ్గుదల నాలుగో వంతు. ఉష్ణోగ్రత ప్రభావమూ ఇటువంటిదే. ఇంటర్‌కూలరు మూసుకుపోయి గాలి 60 డిగ్రీలకు బదులు 90 డిగ్రీల సెల్సియస్ వద్ద సిలిండరు చేరితే, పీడనం ఏమాత్రం తగ్గకపోయినా గాలి బరువు 8 శాతం తగ్గుతుంది. గేజీ సరిగానే చూపుతున్నా ఇంజను బలహీనపడే సందర్భం ఇది.

ఫిర్యాదును ధ్రువపరచుకోవడం

‘బండి లాగడం లేదు’ అన్న మాటలో పది కారణాలు దాగి ఉండవచ్చు. మొదట చూడవలసినది ఇంజను ఆర్‌పీఎం. డ్రమ్ము వేగం తగ్గినా ఇంజను వేగం నిలకడగా ఉంటే లోపం ఇంజనులో లేదు. బెల్టు జారుతున్నది, లేదా డ్రమ్ములో గడ్డి చుట్టుకున్నది. బురదలో కూరుకుంటున్న చైను, మొద్దుబారిన కత్తెరబద్ద, పడిపోయిన తడి పైరు కూడా ఇంజనుమీద నింద మోపుతాయి. ఇంజను వేగమే కుంగుతున్నప్పుడు మాత్రమే ముందుకు సాగాలి.

అప్పుడు పొగ చూడాలి. పాత పద్ధతి మెకానికల్ పంపు ఇంజనులో బలం తగ్గి, నల్లని పొగ వస్తున్నదంటే డీజిలు అందుతున్నది, గాలి అందడం లేదు. బలం తగ్గినా పొగ లేకపోతే డీజిలే తక్కువ పడుతున్నది. డీజిల్ ఫిల్టరు, లిఫ్టు పంపు వైపు చూపు మరల్చాలి. అయితే దీనికి ఒక మినహాయింపు ఉన్నది. అనేక టర్బో ఇంజన్ల పంపుమీద గుండ్రని మూత కింద ఒక డయాఫ్రమ్ ఉంటుంది. మానిఫోల్డు నుంచి సన్నని గొట్టం ద్వారా బూస్ట్ దానికి చేరితేనే పంపు అదనపు డీజిలు విడుదల చేస్తుంది. ఆ గొట్టం పగిలినా, డయాఫ్రమ్ చిరిగినా టర్బో నిక్షేపంగా ఉండి కూడా ఇంజను బలహీనపడుతుంది. చవకైన గొట్టానికి బదులు ఖరీదైన టర్బో మార్చి, ఫలితం లేక ఆశ్చర్యపోవడం ఇటువంటిచోటే జరుగుతుంది.

50 హార్స్‌పవర్‌కు మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్ 4 ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత కామన్‌రైల్ ఇంజన్లు పొలాలలోకి ప్రవేశించాయి. వీటిలో పొగ సాక్ష్యం నమ్మదగినది కాదు. గాలి తగ్గినట్లు సెన్సరు చెప్పగానే కంట్రోల్ యూనిట్ డీజిలును తానే తగ్గిస్తుంది. పొగ రాదు, బలం మాత్రం పోతుంది. ఇక్కడ ముందుగా ఫాల్ట్ కోడ్ చదవాలి. కోడ్ ‘బూస్ట్ తక్కువ’ అని చెబితే అది లక్షణమే తప్ప కారణం కాదని గుర్తుంచుకోవాలి.

బూస్ట్‌ను కొలవకుండా తీర్పు చెప్పరాదు. మానిఫోల్డుకు ఉన్న రంధ్రం వద్ద గేజీ బిగించి, పొడవైన గొట్టంతో దానిని డ్రైవరు వద్దకు తెచ్చుకోవాలి. యంత్రాన్ని నిలిపి ఎక్సలేటరు తొక్కినంత మాత్రాన బూస్ట్ పూర్తిగా రాదు; లోడు లేనిదే ఎగ్జాస్టులో శక్తి ఉండదు. పైరు కోస్తుండగా, లేక ట్రాక్టరైతే పీటీవో డైనమోమీటరు మీద లేదా రోటావేటరు దిగేసి, రీడింగు తీసుకొని ఆ ఇంజను మాన్యువల్‌లోని అంకెతో పోల్చాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వంటి చోట్ల పీటీవో పరీక్ష ఎలా జరుగుతుందో విద్యార్థులు ఒక్కసారి చూసివస్తే ఈ విషయం మరి మరువరు.

గాలి మార్గం

లోపం టర్బోకు ముందున్నదా, తరువాత ఉన్నదా అన్నది తొలి విభజన.

టర్బోకు ముందు ఉండేది ఎయిర్ ఫిల్టరు. వరి ఊకను కాలిస్తే దాని బరువులో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది, ఆ బూడిదలో అధిక భాగం సిలికా. గడ్డి ధూళిలోనూ ఇదే సిలికా. చీడపీడల నుంచి పైరును కాపాడే ఈ పదార్థమే ఇంజనుకు ఇసుక కాగితంలా పనిచేస్తుంది. కోతల కాలంలో ఫిల్టరు ఒక్కపూటలోనే నిండిపోవడం సామాన్యం. రెస్ట్రిక్షన్ ఇండికేటరు ఎర్రగా మారితే, అంటే పీల్పు నిరోధం సుమారు 6 కిలోపాస్కళ్లు దాటితే, ఫిల్టరు శుభ్రపరచాలి. టైరుకేసి కొట్టడం వల్ల కాగితపు మడతలు నలిగి, అంచు రబ్బరు వంగి, ధూళికి దొడ్డిదారి ఏర్పడుతుంది. 2 బార్లకు మించని గాలితో లోపలినుంచి బయటికి ఊదాలి. లోపలి చిన్న ఫిల్టరును శుభ్రం చేయరాదు, మార్చివేయాలి.

ఫిల్టరుకూ టర్బోకూ మధ్యనున్న గొట్టంలో చీలిక ఉంటే బూస్ట్ వెంటనే తగ్గదు. కాబట్టి ఎవరూ గమనించరు. అయితే వడపోత లేని ధూళి నేరుగా కంప్రెసరు రెక్కలను కొరికివేస్తుంది. బూస్ట్ తగ్గే నాటికి పిస్టన్ రింగులు కూడా అరిగి ఉంటాయి. ఆ గొట్టం లోపలి గోడను తెల్లని గుడ్డతో తుడిచి చూడటం రెండు నిమిషాల పని. గుడ్డకు మట్టి అంటితే కారణం దొరికినట్లే.

టర్బో తరువాతి గొట్టాలు పీడనం కిందివి. వీటిలో కారుడు ఉంటే లోడుమీద ఈలవంటి శబ్దం వస్తుంది. ఆ చోట నూనెతో కలిసిన ధూళి మరకగా పేరుకుంటుంది. గొట్టం అడుగుభాగాన ఉండే చీలికలు పైనుంచి కనబడవు. అనుమానం తీరనప్పుడు ఫిల్టరు వైపు మూతిని వాల్వున్న బిళ్ళతో మూసి, రెగ్యులేటరు ద్వారా నెమ్మదిగా 0.7 బార్ వరకు గాలి ఎక్కించి, కీళ్లమీద సబ్బునీరు చల్లాలి. కంప్రెసరు ట్యాంకు గాలిని నేరుగా వదిలితే గొట్టం ఊడి మనిషికి తగలగలదు. తెరచి ఉన్న వాల్వుల గుండా కొంత గాలి ఎగ్జాస్టులోకి పోవడం సహజం. దానిని కారుడుగా భ్రమపడకుండా క్రాంకును కొద్దిగా తిప్పి మళ్లీ వినాలి. సడలిన క్లాంపును బిగించేముందు గొట్టం కొసలలోని నూనెను పూర్తిగా తుడవాలి, లేకుంటే లోడుమీద గొట్టం మళ్లీ జారుతుంది.

ఇంటర్‌కూలరు బయటి రెక్కల మధ్య పొట్టు ఇరుక్కుంటే ఎంత గాలి చల్లబడుతుందో చెప్పనక్కరలేదు. వచ్చిన దిశకు ఎదురుగా గాలి ఊది దానిని తొలగించాలి. రెక్కలు వంగేటంత ఒత్తిడి పెట్టరాదు.

ఎగ్జాస్టు వైపు

టర్బైనుకు ముందున్న మానిఫోల్డు గాస్కెట్ కాలినా, పోతకు పగులు వచ్చినా వాయువు చక్రాన్ని చేరకుండానే బయటపడుతుంది. నల్లని మసి చార, చల్లని ఇంజను స్టార్టు చేసినప్పుడు ‘టిక్ టిక్’ శబ్దం దీని గుర్తులు. ఈ వైపు పరీక్షలో మరొక ప్రయోజనం ఉన్నది. లోడుమీద టర్బైను గూడు వేడి ఎండు పొట్టు అంటుకోవడానికి చాలినంత ఉంటుంది. దానిమీద పేరుకున్న పొట్టు, కారుతున్న వేడి వాయువు, పక్కనే చెమ్మగిల్లిన డీజిలు గొట్టం కలిస్తే యంత్రమూ చుట్టూ ఉన్న పైరూ తగులబడతాయి. ప్రతి ఉదయం చల్లని ఇంజనుమీదనే పొట్టు ఊడ్పించడం, అగ్నిమాపక సిలిండరు యంత్రంమీద ఉంచడం డ్రైవర్ల శిక్షణలో మొదటి పాఠం కావాలి.

వేస్ట్‌గేటు ఉన్న టర్బోలలో పరిమితికి మించిన బూస్ట్‌ను అదుపు చేయడానికి ఒక తలుపు తెరచుకుంటుంది. తుప్పు, మసి వల్ల ఆ తలుపు పూర్తిగా మూసుకోకపోతే వాయువు చక్రాన్ని తప్పించుకొని పోతుంది. చేతిపంపుతో ఆక్చువేటరుకు గాలి ఇచ్చి, కడ్డీ మాన్యువల్‌లో చెప్పిన పీడనం వద్ద కదులుతున్నదో లేదో, గాలి వదలగానే వెనుకకు వస్తున్నదో లేదో చూడాలి. కడ్డీ నట్టును బిగించి బూస్ట్ పెంచుకోవడం కొన్ని షెడ్లలో అలవాటుగా ఉన్నది. అసలు కారుడు అలాగే ఉండగా ఇరుసు వేగాన్ని పరిమితి దాటించే పని ఇది, నిరుత్సాహపరచాలి. కదిలే రెక్కల టర్బోలలో రెక్కలు మసితో బిగుసుకోవడం, తెరచుకొని ఇరుక్కున్న ఈజీఆర్ వాల్వు, మూసుకుపోయిన సైలెన్సరు కూడా ఇదే ఫలితాన్నిస్తాయి.

టర్బోచార్జరు

ఇవన్నీ సరిగా ఉంటేనే టర్బోను విప్పి చూడాలి. ఇంజను ఆగి, పూర్తిగా చల్లారాక పీల్పు గొట్టం తీసి ఇరుసును వేళ్లతో తిప్పాలి. పక్కకు కొద్దిపాటి కదలిక ఉండటం దోషం కాదు, బేరింగు నూనెపొరమీద తేలుతుంది గనుక. ముందువెనుకలకు కదలిక చేతికి తెలిసినా, చక్రం గూడును రాసుకున్న గుర్తులున్నా టర్బో పని అయిపోయినట్లే. రెక్కల అంచులు సన్నబడి మెరుస్తుంటే ధూళి, వంకరపోయి ఉంటే లోపలికి వచ్చిన నట్టో క్లిప్పో కారణం.

గొట్టాలలో నూనె కనబడితే సీలు పోయిందని తొందరపడరాదు. టర్బో నుంచి నూనె దిగే గొట్టం వంగినా, క్రాంక్‌కేసు బ్రీదరు మూసుకున్నా మంచి సీలు గుండా కూడా నూనె బయటికి వస్తుంది. ఇంటర్‌కూలరులో చేరిన నూనెను ఇంజను మింగితే అది తాళం తీసినా ఆగదు, వేగం పెరుగుతూ పోతుంది. అప్పుడు గాలి మూతికి చెక్కనో గట్టి బిళ్ళనో అడ్డం పెట్టాలి. చేయి, గుడ్డ పెట్టరాదు.

కొత్త టర్బో బిగించడంకన్నా పాతది ఎందుకు పోయిందో తేల్చడం ముఖ్యం. నూనె అందక పోయినదైతే మసిగట్టిన నూనె గొట్టాన్ని కూడా మార్చాలి. దానిని వదిలేస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. ఇంజనాయిలు, ఫిల్టరు మార్చి, ఇంటర్‌కూలరులోని నూనెను, లోహపు ముక్కలను కడిగించి, నూనె రంధ్రంలో శుభ్రమైన నూనె పోసి ఇరుసును చేత్తో తిప్పాకనే బిగించాలి. మొదటి స్టార్టులో నూనె పీడనం వచ్చేదాకా వేగం పెంచరాదు. పని ముగించి లోడు దించిన వెంటనే ఇంజను ఆపే అలవాటు నూనెను బేరింగులోనే మాడ్చుతుంది. రెండు మూడు నిమిషాలు ఐడ్లింగులో ఉంచాలి. గంటల అద్దె లెక్కలో ఆ మూడు నిమిషాలు ఎవరి ఖాతాలో పడాలన్నది రైతుకూ డ్రైవరుకూ మధ్య రోజూ నడిచే తగాదా. ఆ నిమిషాలు యజమాని ఖాతాలో పడేలా కస్టమ్ హైరింగ్ కేంద్రాల ఒప్పంద పత్రంలోనే రాయించడం విస్తరణ సిబ్బంది చేయగలిగిన పని.

మరమ్మతు తరువాత అదే పొలంలో, అదే లోడుమీద గేజీ మళ్లీ చూడాలి. ఆ అంకెను, తేదీని, అవర్‌మీటరు రీడింగును యంత్రం పుస్తకంలో రాయించాలి. వచ్చే సీజనులో బూస్ట్ తగ్గిందో లేదో పోల్చి చెప్పడానికి ఆధారం అదే.