డీజే సాఫ్ట్‌వేర్‌లో ఆడియో లెవెల్స్ ఎలా సెట్ చేయాలి? ఎర్ర లైట్ వెలగకుండానే గట్టి సౌండ్!

ఇయర్‌ఫోన్స్‌లో అదిరిపోయే పాట, కాలేజ్ ఫెస్ట్‌లో పెద్ద బాక్సుల మీదకి వచ్చేసరికి గరగరలాడుతుంది. వెంటనే అందరూ "స్పీకర్లు బాలేవు రా" అనేస్తారు. వారమంతా కోడ్ రాసి, వీకెండ్ వస్తే ఫ్రెండ్స్ సంగీత్‌లకీ ఫెస్ట్‌లకీ కంట్రోలర్ పట్టుకుని వెళ్లే టైపు నేను. నేను చూసినంతలో ఆ గరగర చాలాసార్లు స్పీకర్లో పుట్టదు, ల్యాప్‌టాప్‌లోనే పుడుతుంది. అక్కడ ఒకసారి పగిలిన సౌండ్‌ని ఆ తర్వాత ఎంత ఖరీదైన స్పీకర్ అయినా అతికించలేదు.

అందుకే ఈ రోజు లెవెల్స్ గురించి మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. దీన్నే సౌండ్ వాళ్లు గెయిన్ స్టేజింగ్ అంటారు. మొత్తం పాఠాన్ని ఒక్క ముక్కలో చెప్పాలంటే: శుభ్రమైన సిగ్నల్ ఇవ్వడం సాఫ్ట్‌వేర్ పని, గట్టిగా వినిపించడం యాంప్లిఫయర్ పని. ఈ రెండింటినీ కలిపేస్తేనే సమస్య.

ఉదాహరణలకి మిక్స్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని తీసుకుంటున్నా (పేరు చివర మూడు ఎక్స్‌లు ఉంటాయి, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి). సెరాటో, రికార్డ్‌బాక్స్, ట్రాక్టర్, వర్చువల్ డీజే వాడేవాళ్లకీ ఇదే లాజిక్, బటన్ల పేర్లే కాస్త మారతాయి.

డిజిటల్‌లో సీలింగ్ ఒకటుంది

ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లకి ఇది చాలా ఈజీ. 16 బిట్ ఆడియోలో ఒక్కో శాంపిల్ ఒక ఇంటీజర్. దాని విలువ -32,768 నుంచి 32,767 వరకే ఉండగలదు. ఆ పై అంచునే 0 డీబీఎఫ్ఎస్ అంటారు. అందుకే డిజిటల్ మీటర్ మీద అంకెలన్నీ మైనస్‌లో ఉంటాయి, సున్నా అంటే పైకప్పు.

ఇప్పుడు 26,000 విలువ ఉన్న శాంపిల్‌ని 6 డీబీ పెంచారనుకోండి. 6 డీబీ అంటే దాదాపు రెట్టింపు, అంటే 52,000. కానీ అక్కడ చోటు 32,767 వరకే. అందుకని మిగిలిందంతా కత్తిరించేస్తుంది. గుండ్రంగా ఉండాల్సిన తరంగం పైభాగం కత్తితో కోసినట్టు చదునైపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. ఆ చదును అంచుల నుంచి పాటలో లేని కొత్త ఫ్రీక్వెన్సీలు పుడతాయి. మనకి వినిపించే గరగర అదే.

"మరి పెద్ద పెద్ద డీజేలు మిక్సర్ మీద ఎర్ర లైట్లు వెలిగిస్తూనే ఉంటారుగా?" అని అడగొచ్చు. పాత అనలాగ్ మిక్సర్లలో మీటర్ సున్నా దాటాక కూడా ఇంకా చాలా ఖాళీ ఉండేది, సౌండ్ మెల్లగా పాడయ్యేది. ఆ అలవాటే ఇప్పటికీ నడుస్తోంది. డిజిటల్‌లో సున్నా దాటాక ఖాళీ లేదు, గోడే.

ఐదు నిమిషాల ప్రయోగం

నమ్మకం కలగాలంటే ఆడాసిటీ ఓపెన్ చేయండి. ఇదీ ఉచితమే. స్పీకర్ సౌండ్ బాగా తగ్గించి పెట్టుకోండి.

1. జనరేట్ మెనూలో టోన్ ఎంచుకుని, 0.8 యాంప్లిట్యూడ్‌తో సైన్ వేవ్ తయారు చేయండి.
2. ఎఫెక్ట్స్‌లో యాంప్లిఫైకి వెళ్లి, క్లిప్పింగ్‌ని అనుమతించే టిక్ పెట్టి 6 డీబీ పెంచండి.
3. ఇప్పుడు మళ్లీ 6 డీబీ తగ్గించండి. జూమ్ చేసి చూస్తే తరంగం చెక్కుచెదరకుండా వెనక్కి వచ్చేస్తుంది.
4. ఈసారి 6 డీబీ పెంచాక దాన్ని 16 బిట్ వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైల్‌ని తిరిగి తెరవండి. తర్వాత 6 డీబీ తగ్గించండి.

నాలుగో స్టెప్‌లో తరంగం చిన్నదైంది కానీ తల మాత్రం చదునుగానే ఉండిపోయింది కదా? తేడా ఎక్కడొచ్చిందంటే, ఆడాసిటీ లోపల 32 బిట్ ఫ్లోటింగ్ పాయింట్‌లో లెక్క చేస్తుంది, అందులో 1.0 దాటినా విలువ పోదు. ఇంటీజర్‌గా బయటికి వెళ్లిన క్షణంలో కత్తెర పడుతుంది.

మిక్స్ కూడా లోపల ఫ్లోటింగ్ పాయింటే వాడుతుంది. అంటే ఒక డెక్ కాస్త ఎక్కువైనా, మాస్టర్ దగ్గర తగ్గిస్తే టెక్నికల్‌గా బతికిపోవచ్చు. కానీ దాన్ని నమ్ముకోవద్దు. ఎక్స్‌టర్నల్ మిక్సర్ వాడేటప్పుడు ఒక్కో డెక్ విడివిడిగా సౌండ్ కార్డ్‌కి వెళ్తుంది, మధ్యలో కాపాడటానికి మాస్టర్ ఉండదు. ఎక్కడికక్కడ లెవెల్ సరిగా ఉంచుకోవడమే మంచి అలవాటు.

సౌండ్ వెళ్లే దారి

పాట ఫైల్, ఆటో గెయిన్, డెక్ గెయిన్ నాబ్, ఈక్యూ, ఫేడర్, క్రాస్‌ఫేడర్, మాస్టర్, సౌండ్ కార్డ్, సౌండ్ వాళ్ల మిక్సర్, యాంప్లిఫయర్, స్పీకర్. నీళ్ల పైపులైన్ లాగా ఊహించుకోండి. మొదట్లో మురికి కలిస్తే చివర కుళాయి ఎంత తిప్పినా మురికినీళ్లే. అందుకే సెట్టింగ్ కూడా మొదటి నుంచే మొదలుపెట్టాలి.

స్టెప్ 1: ల్యాప్‌టాప్ సెట్టింగ్స్

వీలైతే కంట్రోలర్‌లో ఉండే సౌండ్ కార్డ్‌నే వాడండి. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచే తీసుకోవాల్సి వస్తే, సిస్టమ్ వాల్యూమ్ 100 దగ్గర పెట్టండి. లినక్స్‌లో 100 దాటి పెంచే ఆప్షన్ కనిపిస్తుంది, దాని జోలికి వెళ్లొద్దు. "సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్", "బాస్ బూస్ట్" లాంటివన్నీ ఆఫ్ చేయండి. అవి మీకు తెలియకుండా లెవెల్ పెంచేస్తాయి. నోటిఫికేషన్లు కూడా ఆపేయండి. పెళ్లికూతురు ఎంట్రీ టైమ్‌లో వాట్సాప్ టింగ్‌మంటే హాల్ మొత్తం వింటుంది.

స్టెప్ 2: ఆటో గెయిన్ ఆన్ చేయండి

80లలో వచ్చిన పాట తర్వాత నిన్నగాక మొన్న వచ్చిన మాస్ పాట వేస్తే ఒక్కసారిగా సౌండ్ పేలినట్టు ఉంటుంది. కొత్త పాటల్ని మాస్టరింగ్‌లోనే బాగా నొక్కి, గట్టిగా చేసి వదులుతారు కాబట్టి. ఈ లౌడ్‌నెస్‌ని కొలిచే యూనిట్ ఎల్‌యూఎఫ్‌ఎస్.

మిక్స్ ప్రిఫరెన్సెస్‌లో నార్మలైజేషన్ పేజీకి వెళ్లి, అది ఆన్‌లో ఉందో లేదో చూస్కోండి. ఇది రీప్లేగెయిన్ 2.0 పద్ధతిలో ప్రతి పాటనీ -18 ఎల్‌యూఎఫ్‌ఎస్ లక్ష్యానికి దగ్గరగా తెస్తుంది. ఉదాహరణకి ఒక కొత్త పాట -8 దగ్గర ఉంటే 10 డీబీ తగ్గిస్తుంది, పాత పాట -16 దగ్గర ఉంటే 2 డీబీయే తగ్గిస్తుంది. రెండూ సమానమవుతాయి.

ఆన్ చేయగానే "అయ్యో, సౌండ్ తగ్గిపోయిందే" అనిపిస్తుంది. కంగారొద్దు, తగ్గిన ఆ ఖాళీయే మనకి కావాల్సింది. దాన్ని హెడ్‌రూమ్ అంటారు. ప్రోగ్రామ్‌కి ముందు రోజే లైబ్రరీ మొత్తం అనలైజ్ చేసి పెట్టుకుంటే స్టేజ్ మీద ఆ పని ఉండదు.

స్టెప్ 3: డెక్ గెయిన్ నాబ్

ఆటో గెయిన్ పాట మొత్తానికీ ఒకే లెక్క వేస్తుంది. మెల్లగా మొదలై మధ్యలో డప్పులు విరుచుకుపడే పాట దాన్ని మోసం చేయగలదు. అందుకే వేవ్‌ఫార్మ్‌లో బాగా లావుగా ఉన్న చోటికి జంప్ అవ్వండి. ఫేడర్ కిందే ఉంచి, హెడ్‌ఫోన్‌లో వింటూ డెక్ మీటర్ చూడండి. ఆ గట్టి భాగంలో మీటర్ ఆకుపచ్చ చివర, పసుపు మొదట్లో ఆడితే చాలు. అంకెలు కనిపించే మీటర్ అయితే పీక్స్ -6 డీబీ దగ్గర ఉంచండి.

-6 ఎందుకంటే, రెండు డెక్‌లూ బీట్ మ్యాచ్ అయి ఒకేసారి మోగేటప్పుడు రెండు కిక్‌లు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడితే పీక్ 6 డీబీ వరకు పెరగొచ్చు. ముందే అంత ఖాళీ వదిలితే మాస్టర్ సున్నా దాటదు.

స్టెప్ 4: ఈక్యూని కోతకే వాడండి

ఈక్యూ నాబ్‌లన్నీ మధ్యలో ఉంచి మొదలుపెట్టండి. బాస్ కావాలని లో నాబ్ పెంచడం అంటే మీరు దాచుకున్న హెడ్‌రూమ్‌ని తినేయడమే, ఎందుకంటే పాటలో ఎక్కువ ఎనర్జీ ఉండేది అక్కడే. బాస్ బాగా వినిపించాలంటే మిడ్, హై కొంచెం తగ్గించి, మొత్తం లెవెల్ యాంప్లిఫయర్ దగ్గర పెంచుకోండి.

మిక్సింగ్‌లో కూడా రెండు పాటల బాస్ ఒకేసారి వదలొద్దు. కొత్త పాటని లో నాబ్ తగ్గించి తీసుకురండి. సరైన బీట్ దగ్గర పాత దాని లో తగ్గిస్తూ, కొత్త దాని లో మధ్యకి తేండి. మీటర్ కదలదు, డ్యాన్స్ ఆగదు.

స్టెప్ 5: మాస్టర్ నాబ్

సాఫ్ట్‌వేర్‌లో మాస్టర్‌ని మధ్యలో, అంటే పెంచకుండా తగ్గించకుండా ఉంచండి. రెండు డెక్‌లూ మోగుతున్నా ఎర్రది వెలగకూడదు. వెలిగితే మాస్టర్‌తో సర్దేసి వదిలేయకండి, ఏ డెక్ ఎక్కువైందో చూసి అక్కడే తగ్గించండి.

కొన్ని సాఫ్ట్‌వేర్లలో లిమిటర్ ఉంటుంది. అది హెల్మెట్ లాంటిది. పెట్టుకోవడం మంచిదే, కానీ పెట్టుకున్నాం కదా అని గోడని గుద్దం. లిమిటర్ ఎప్పుడూ పని చేస్తూనే ఉందంటే దెబ్బ తినే కిక్ డ్రమ్ ప్రాణం పోతుంది.

స్టెప్ 6: ఇప్పుడు యాంప్లిఫయర్

ఆన్ చేసేటప్పుడు ముందు ల్యాప్‌టాప్, కంట్రోలర్, తర్వాత మిక్సర్, చివరగా యాంప్. ఆఫ్ చేసేటప్పుడు ముందు యాంప్. ఇది పాటిస్తే "ఠప్" అనే దెబ్బ స్పీకర్లకి తగలదు. మీ వైర్ మిక్సర్‌లో లైన్ ఇన్‌పుట్‌కే వెళ్లాలి. మైక్ లేదా ఫోనో ఇన్‌పుట్‌లో పెడితే మీ లెవెల్ ఎంత బాగున్నా పగిలిపోతుంది.

తర్వాత మీ దగ్గరున్న అన్నిటికన్నా గట్టి పాట వేసి, సాఫ్ట్‌వేర్ మీటర్ పసుపు మొదట్లో ఉండగా, సౌండ్ అన్నతో కలిసి మిక్సర్, యాంప్ మెల్లగా పెంచండి. హాల్‌కి సరిపోయే లెవెల్ రాగానే ఆపేయండి. ఇక ఆ రాత్రికి మీ మాస్టర్ నాబ్ కదలకూడదు.

"అన్నా, సౌండ్ పెంచు!"

ఇది ప్రతి ప్రోగ్రామ్‌లో వచ్చే డైలాగే. ఇక్కడే అసలు పరీక్ష. సీలింగ్‌కి దగ్గరగా ఉన్న సిగ్నల్‌ని సాఫ్ట్‌వేర్‌లో ఇంకా పెంచితే శిఖరాలు పెరగవు, అవి కోసుకుపోతాయి. పెరిగేది యావరేజ్ పవర్, హై ఫ్రీక్వెన్సీ చెత్త. ఆ రెండూ ముందు కాల్చేది టాప్‌లలో ఉండే చిన్న ట్వీటర్లని. అద్దెకి తెచ్చిన బాక్స్ కాలితే ఆ బిల్లు ఎవరి మీద పడుతుందో చెప్పక్కర్లేదు.

యాంప్‌లో ఇంకా ఖాళీ ఉంటే అక్కడ పెంచండి. లేకపోతే నిజం ఒప్పుకోవాలి. యాంప్ పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డీబీయే. మన చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డీబీ, అంటే 10 రెట్ల పవర్ కావాలి. ఒక నాబ్‌తో అయ్యే పని కాదది, ఎక్కువ బాక్సులు తేవాలి. ఒక్కోసారి కొత్త పాట ముందు పది సెకన్లు ఫేడర్ కాస్త తగ్గించి, డ్రాప్‌లో మామూలు లెవెల్‌కి తెచ్చి చూడండి. అడిగినవాళ్లే "ఇప్పుడు బాగుంది" అంటారు.

చెవుల సంగతి

గట్టి సౌండ్‌లో గంటసేపు ఉన్నాక చెవి మొద్దుబారుతుంది. అప్పుడు మనకి సౌండ్ తగ్గినట్టు అనిపించి తెలియకుండా పెంచేస్తాం. మీటర్ అలసిపోదు, అందుకే చెవికన్నా దాన్నే నమ్మాలి. అమెరికాలోని నియోష్ సంస్థ సిఫార్సు ప్రకారం 85 డీబీలో 8 గంటలు ఉండొచ్చు, ఆపైన ప్రతి 3 డీబీకీ ఆ టైమ్ సగమవుతుంది. ఆ లెక్కన 100 డీబీ దగ్గర 15 నిమిషాలే. గెస్టులు వచ్చిపోతుంటారు, డీజే మాత్రం రాత్రంతా అక్కడే. మంచి ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి, హెడ్‌ఫోన్ గెయిన్ కూడా తగ్గించండి.

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషేధం. కొన్ని పండగ రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వగలదు కానీ, అది మీ ప్రోగ్రామ్‌కి వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి.

స్టేజ్ ఎక్కేముందు ఒకసారి చూస్కోండి

- ఎన్‌హాన్స్‌మెంట్స్, నోటిఫికేషన్లు ఆఫ్
- లైబ్రరీ అనలైజ్ అయింది, ఆటో గెయిన్ ఆన్
- ప్రతి పాట గట్టి భాగం పసుపు మొదట్లో
- ఈక్యూ మధ్యలో, ఒకసారి ఒక్క పాట బాసే
- మాస్టర్ మధ్యలో, ఎర్రది సున్నా సార్లు
- సౌండ్ పెంచాలంటే యాంప్ దగ్గరే

ఇంట్లో రెండు పాటలతో, మామూలు కంప్యూటర్ స్పీకర్లతో ఈ రోజే ప్రాక్టీస్ చేయొచ్చు. ఒక్కసారి క్లీన్ సౌండ్ చెవికి అలవాటైతే, పక్క ఫంక్షన్ హాల్లో పగులుతున్న సౌండ్ వినగానే తప్పు ఎక్కడ జరుగుతోందో మీకే తెలిసిపోతుంది.