విజ్ఞానసర్వస్వ వ్యాసములను దిద్దు విధము

గ్రంథము ముద్రణాలయమును విడిచిన దినమునుండియే పాతబడ నారంభించును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852 లో చెన్నపట్టణమున అచ్చుపడెను. దానిని సవరించి, కొత్త మాటలు చేర్చి, రెండవ కూర్పు వెలువరించుటకు 1903 వ సంవత్సరము రావలసి వచ్చెను. ఆ పనిని వెంకటరత్నముగారును, కాంబెల్ దొరగారును, కందుకూరి వీరేశలింగము పంతులుగారును చేసిరి. నడుమ అర్ధశతాబ్దము గడచినది. ఆ కాలమంతయు ఆ పుస్తకమును తెఱచిన విద్యార్థి అందలి ఒప్పుతోపాటు తప్పునుగూడ పాఠముగానే గ్రహింపవలసి యుండెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, అది పూర్తి కాకమునుపే 1923 లో కాలధర్మము నొందిరి. ఒక్కరి యాయువు చాలని పని యది.

నేడు మన విద్యార్థుల చేతికి వచ్చిన వికీపీడియాలో ఆ సవరణ యొక్క నిమిషములో జరుగును. వికీ యనునది హవాయి దీవుల భాషలోని మాట. త్వరితమని దాని యర్థము. అమెరికా దేశీయుడైన వార్డ్ కన్నింగ్‌హామ్ 1995 లో, చదువువారే దిద్దగల పుటలను మొదట నిర్మించి, హొనొలూలూ విమానాశ్రయమున తిరుగు బస్సు పేరునుబట్టి వానికా పేరు పెట్టెను. ఆ పద్ధతిమీద 2001 జనవరిలో ఇంగ్లీషు వికీపీడియాయు, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాయు ప్రారంభమైనవి. ఇందు వ్రాయుటకు పట్టా యక్కరలేదు, రుసుము లేదు. పదవ తరగతి పిల్లవాడు వ్రాసిన వాక్యమును మఱునాడే విదేశములలోని తెలుగువాడు చదువును. త్వరితమన్న పేరు పుటకే గాని దిద్దువాని బుద్ధికి గాదని మా మనవి.

మన యూళ్లలో పెక్కింటికి తెలుగులో వ్రాయబడిన చరిత్ర వికీపుట యొక్కటియే. ఉపకారవేతనపు దరఖాస్తు నింపు బాలుడు తన మండలము, జిల్లా అందే చూచుకొనును. ఊరు విడిచిపోయినవాని మనుమడు తాతగారి గ్రామమును అందే వెదకుకొనును. కావున ఆ పుటను ముట్టుకొనుటకు ముందు చేయవలసిన పనులు కొన్ని గలవు.

మొట్టమొదట వ్యాసమును సాంతము చదువవలెను. కొత్తవారు తమ కంటబడిన యొక వాక్యమును మార్చి లేచిపోవుదురు. అదే సంగతి పై పేరాలో నొకవిధముగను, ప్రక్క పట్టికలో మఱియొకవిధముగను మిగిలిపోవును. పాఠకుడు రెంటిలో దేనిని నమ్మవలెను? పిమ్మట పుటకు పైన నున్న ‘చరిత్ర’ యను మాటను నొక్కి చూడవలెను. ఏ మార్పు ఎవరు, ఏ దినమున, ఏ కారణమున చేసిరో అందు వరుసగా నుండును. బ్రౌను నిఘంటువునకు లేని సౌకర్యమిది. ప్రతి పూర్వరూపమును అందు భద్రమై యుండును గనుక పుట చెడిపోవునను భయముతో చేతులు ముడుచుకొన నక్కరలేదు. ‘చర్చ’ పుటను గూడ చూడవలెను. మీకు తప్పుగా దోచిన సంగతిని గూర్చి ఇదివఱకే పదిమంది వాదించి, ఆధారములు చూపి, ఒక నిర్ణయమునకు వచ్చియుండవచ్చును.

ఇక మార్పు మాట. మన ప్రాంతములో వ్యాసములను తిరుగవ్రాయవలసిన యవసరము జిల్లాల పునర్విభజనవలన వచ్చినంతగా మఱి దేనివలనను రాలేదు. 2014 జూన్ 2 వ తేదీని తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమాయెను. అందలి 10 జిల్లాలు 2016 అక్టోబరు 11 న 31 ఆయెను. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట జిల్లాలు చేరి 33 ఆయెను. ఆంధ్రప్రదేశములోని 13 జిల్లాలను 2022 ఏప్రిల్ 4 న 26 గా విభజించిరి. వేలకొలది గ్రామముల చిరునామా మాఱిపోయెను. పాత పేరు తీసి కొత్త పేరు వేసిన పని యైపోవునని తోచును. అట్లు కాదు.

వరంగల్లునే చూడుడు. 2016 లో ఆ జిల్లా పెక్కు భాగములై, వరంగల్ పట్టణ జిల్లా, వరంగల్ గ్రామీణ జిల్లా అనునవి ఏర్పడెను. 2021 ఆగస్టులో పట్టణ జిల్లాకు హనుమకొండ యనియు, గ్రామీణ జిల్లాకు వరంగల్ అనియు పేళ్లు పెట్టిరి. కాబట్టి 2010 లో వ్రాసిన వ్యాసములోని ‘వరంగల్ జిల్లా’యు, 2022 లో వ్రాసిన వ్యాసములోని ‘వరంగల్ జిల్లా’యు ఒక్కటి కావు. పేరు మాఱలేదు గదా యని విడిచిపెట్టిన వాక్యమే తప్పు కావచ్చును.

మఱియొక చిక్కు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1872 లో వినోదరాయునిపాలెములో జన్మించిరి. ‘ప్రకాశం జిల్లాలో జన్మించిరి’ అని యెవరైన వ్రాసినయెడల, పుట్టిన శిశువు పేర అప్పటికే జిల్లా యున్నట్లగును! ఆ జిల్లా ఏర్పడినది 1970 లో. దానికి పంతులుగారి పేరు వచ్చినది 1972 లో. గ్రామమును గూర్చిన వ్యాసములో నేటి జిల్లా యుండవలెను. మనుష్యుని గూర్చిన వ్యాసములో ఆనాటి జిల్లాను వ్రాసి, ‘నేడు ఫలాని జిల్లాలో నున్నది’ అని చేర్పవలెను. గ్రామవ్యాసములో సయితము పాత జిల్లా పేరును తుడిచివేయరాదు; ఏ తేదీనుండి ఏ జిల్లాలోనికి మాఱినదో యొక వాక్యములో నిలుపవలెను. పాత పట్టాలు, పాత దస్తావేజులు చదువువానికి ఆ వాక్యమే దారి చూపును.

‘ప్రస్తుతము’, ‘ఇటీవల’, ‘ఈ మధ్య’, ‘గత సంవత్సరము’ అను మాటలను మేము విజ్ఞానసర్వస్వమునకు శత్రువులుగా నెంచుచున్నాము. వ్రాసిన దినమున అవి నిజమే. అయిదేండ్లకు అవియే యబద్ధములగును. అబద్ధమైనట్లు పాఠకునికి తెలియదు. ‘ప్రస్తుత జనాభా’ యని వ్రాయుటకు మాఱు ‘2011 జనాభా లెక్కల ప్రకారము’ అని వ్రాసిన, ఆ వాక్య మెన్నటికిని చెడదు. 2021 లో జరుగవలసిన లెక్క ఆ యేట జరుగలేదు. ఆ సంవత్సరపు జనాభా యని యెవరైన నొక యంకె వేసియుండినచో అది యెక్కడనుండి వచ్చినదో అడిగి తెలిసికొనవలసినదే.

ఆధారము లేని మాటను చేర్చరాదన్న నియమము పిల్లలకు కష్టముగా దోచును. ‘మా తాతగారు చెప్పిరి’ అందురు. తాతగారి మాట నిజమే కావచ్చును. దానిని ఈ మాగజైనులో ప్రకటింపవచ్చును, మేమును సంతోషముతో చదువుదుము. కాని విజ్ఞానసర్వస్వపు పాఠకుడు మన తాతగారి యరుగుమీద కూర్చుండి ప్రశ్నింపలేడు. అతడు తెఱచి చూచుకొనగల ప్రకటిత గ్రంథమో, ప్రభుత్వపు ఉత్తరువో, జనగణన పుస్తకమో చూపవలెను. 1907 లో హెమింగ్‌వే దొర సంతరించిన గోదావరి జిల్లా గెజెటీరు వంటివి మంచి యాధారములు. అయితే ఆనాటి సంగతులకు మాత్రమే.

ఆధారము చూపుటలో గుండ్రముగా తిరుగు మోస మొకటి కలదు. దక్షిణ అమెరికాలో కోఆటి యను జంతువు గలదు. 2008 లో ఒక అమెరికా విద్యార్థి ఇంగ్లీషు వికీపీడియాలో, దానికి ‘బ్రెజిలు దేశపు ఆర్డ్‌వార్క్’ అని యింకొక పేరు గలదని వేడుకకు వ్రాసెను. ఆర్డ్‌వార్క్ ఆఫ్రికాలోని వేఱొక మృగము. ఆ పేరు కేవలము కల్పితము. వార్తాపత్రికలు దానిని చూచి వ్రాసెను. ఒక విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారి పుస్తకములోనికిని అది యెక్కెను. తరువాత ఆ పేరునకు ఆధారముగా ఆ పత్రికలనే వికీపుటలో చూపిరి! తప్పు తనకు తానే సాక్షి యాయెను. 2014 లో గాని ఈ గుట్టు బయటపడలేదు. కాబట్టి మీరు చూపు పుస్తకము వికీపుటకంటె ముందు వ్రాయబడినదా, లేక దానినే చూచి వ్రాయబడినదా యని ఆలోచింపవలెను. పాత ముద్రణములకు విలువ యుండుట కిది యొక కారణము.

జీవించియున్న మనుష్యులను గూర్చి వ్రాయునపుడు ఇంతకు పదింతల జాగ్రత్త కావలెను. 2005 మే నెలలో జాన్ సీగెన్‌తాలర్ అను అమెరికా పత్రికా సంపాదకుని గూర్చి, కెనడీ సోదరుల హత్యలలో ఆయనపై అనుమాన ముండెనని పేరు తెలుపనివాడొకడు వ్రాసెను. ఆ దారుణమైన యబద్ధము దాదాపు నాలుగు నెలలు అట్లే యుండెను. ఆ డిసెంబరునుండి, సభ్యులుగా నమోదు కానివారు ఇంగ్లీషు వికీపీడియాలో కొత్త వ్యాసములు ప్రారంభింపరాదను కట్టుబాటు వచ్చెను. మన యూరి పెద్దను గూర్చి వీధిలో విన్న మాట పుటలో పెట్టుట ఇట్టి పనియే.

మార్పు చేసినపిమ్మట ‘దిద్దుబాటు సారాంశము’ అను చిన్న గడిలో చేసినదేమో వ్రాయవలెను. ‘జిల్లా పేరు 2022 పునర్విభజన ప్రకారము సవరించితిని’ అన్నచో చాలును. ‘మార్చితిని’ అని మాత్రము వ్రాయుట వ్రాయకపోవుటతో సమానము. అక్షరదోషమును దిద్దినప్పుడే ‘చిన్న మార్పు’ అని గుర్తు పెట్టవలెను. అంకెను మార్చి చిన్న మార్పనుట న్యాయము గాదు. భద్రపఱచుటకు ముందు ‘మునుజూపు’లో చూచుకొనుడు. అభ్యాసమునకు ‘ప్రయోగశాల’ యను పుట కలదు. పలకవలె అందెన్నిసార్లైనను వ్రాసి తుడువవచ్చును.

మీరు వ్రాసినదానిని ఇంకొకరు కొట్టివేయుదురు. ఇది తప్పక జరుగును. వెంటనే తిరిగి వేయుట, వారు మరల తీయుట, మీరు మరల వేయుట వీధిబడి తగవువంటిది. చర్చపుటలో ‘అయ్యా, ఈ యాధారము ననుసరించి వ్రాసితిని, తమ యభ్యంతరమేమి?’ అని యడుగవలెను. సాధారణ విషయములకు తెలుగువారు ‘రచ్చబండ’ యను పేరుతో నొక పుట పెట్టుకొనిరి. పేరు చక్కగా కుదిరినది. అసలు రచ్చబండమీద వలెనే అందును పెద్దవారిని మీరు, గారు అని సంబోధించుట శ్రేయము.

ఇతరుల వాక్యములను ఎత్తి వేయుటనుగూర్చి ఒక్కమాట. పత్రికలోని పేరాను యథాతథముగా చేర్చుట ఆధారము చూపినను దొంగతనమే. మన దేశపు చట్టముచొప్పున గ్రంథకర్త మరణించిన పిమ్మట 60 సంవత్సరములవఱకు సాధారణముగా ఆయన రచనపై హక్కు నిలుచును. సంగతిని గ్రహించి స్వంత మాటలలో వ్రాయవలెను. ఇంగ్లీషు వ్యాసమును యంత్రముచేత తెనిగించి పెట్టువారు కలరు. ఆ వాక్యములలో కర్త యొకచోట, క్రియ యొకచోట నుండి అర్థము దారితప్పును. అట్టిదానిని పెట్టుటకంటె నాలుగు చక్కని వాక్యములు వ్రాయుట మేలు.

మన పాఠశాలను గూర్చిన పుట సంగతి మమ్ము పలువురు తలిదండ్రులు అడుగుచున్నారు. మనవారిని మనమే పొగడుకొనుటకు అది స్థలము గాదు. ‘సుప్రసిద్ధమైన’, ‘అత్యుత్తమ విద్య నొసంగు’ అను విశేషణములను ఎవరు చేర్చినను తీసివేయవచ్చును. స్థాపించిన సంవత్సరము, భవనములు కట్టిన తేదీలు, ఏ తరగతులవఱకు ఎప్పుడు పెరిగినదో ఇట్టివి ప్రకటిత నివేదికలు చూపి చేర్పవచ్చును. పాఠశాలలో పనిచేయువారు స్వయముగా మార్చుటకంటె, చర్చపుటలో తామెవరో తెలిపి, కావలసిన సవరణను ఆధారముతో నివేదించి, సంబంధము లేని యింకొకరు దానిని చేయునట్లు కోరుట ఉచితము. మిషను దొరలను గూర్చిన వ్యాసములకును ఇదే నియమము. వారిని స్తుతించిన గ్రంథమునే గాక విమర్శించిన గ్రంథమునుగూడ చూపవలెను.

ఈ వేసవి సెలవులలో ప్రతి విద్యార్థియు తన గ్రామపు పుటను తెఱచి చూడవచ్చును. జిల్లా, మండలము, పిన్‌కోడు, జనాభాకు సంవత్సరము, ఉన్న బడి, మూతపడిన బడి, ఇవి సరిగా నున్నవో లేవో పరీక్షింపవలెను. స్వయముగా తీసిన చెరువు ఛాయాచిత్రమును చేర్పవచ్చును. పిదప ఆ పుటను ‘వీక్షణ జాబితా’లో చేర్చుకొనినయెడల, మఱియెవరైనను దానిని మార్చినప్పుడు ఆ జాబితాలో కనబడును.