నొప్పి తగ్గినంత మాత్రాన

చి॥ కిరణ్‌కి,

నీ మెయిల్ చదివాను. బెంగళూరు వానల గురించీ, కొత్త ఇంటి గురించీ అంత వివరంగా రాసి, కడుపు సంగతి మాత్రం ఆఖర్న రెండు ముక్కల్లో తేల్చేశావు. ఎండోస్కోపీలో బాక్టీరియా కనబడిందన్నారు, పద్నాలుగు రోజులకి మందులిచ్చారు, ఆరో రోజుకి నొప్పి పోయింది, నోరంతా చేదుగా ఉంటోందని ఆపేశావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు నాన్నా. మీ తాతయ్య సంగతి మళ్ళీ రాయను. నువ్వూ చూశావు, నేనూ చూశాను.

ముందు నీ నొప్పి ఎందుకు పోయిందో చెబుతాను. నీకిచ్చిన వాటిలో ఒకటి ఆమ్లం ఊరకుండా చేసే మాత్ర. అది రెండు మూడు రోజుల్లోనే హాయినిస్తుంది. ఆ హాయి చూసి సూక్ష్మజీవి చచ్చిందనుకున్నావు. హెలికోబాక్టర్ పైలోరీ అంత తేలిగ్గా చావదు. యూరియాని విరగ్గొట్టి తన చుట్టూ అమ్మోనియా చేసుకుని ఆమ్లాన్ని తట్టుకుంటుంది, జీర్ణాశయం లోపొర మీదున్న జిగురులో దూరి కూర్చుంటుంది. సాధారణంగా చిన్నతనంలోనే ఒంట్లో చేరి, మందులిచ్చి తరిమితే తప్ప ఏళ్ళకేళ్ళు అక్కడే ఉంటుంది. ఎవరి నుంచి వచ్చిందని ఆలోచించకు. నీకు గోరుముద్దలు తినిపించిన వాళ్ళం ఇంటినిండా ఉన్నాం.

నా బెంగ అది అక్కడ కూర్చున్నందుకు కాదు, కూర్చుని చేసే పనికి. ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అవే జీన్లుంటాయని నువ్వు చదివే ఉంటావు. జీర్ణాశయపు కణానికీ పేగు కణానికీ తేడా ఏ జీన్లు పనిచేస్తున్నాయి, ఏవి మూసి ఉన్నాయి అన్నదాంట్లోనే ఉంది. మన కాలవ కింద తూముల్లాగే అనుకో. నీరంతా ధవళేశ్వరం నుంచి వచ్చేదే, లస్కరు ఏ తూము ఎత్తితే ఆ చేను తడుస్తుంది. ఈ సూక్ష్మజీవి ఆ తూముల మీద పెత్తనానికి వస్తుంది. వీటిలో కొన్ని రకాలు కణం పొరను గుచ్చి, కాగ్‌ఏ అనే ప్రొటీన్ని లోపలికి ఎక్కిస్తాయి. ఆ దెబ్బకి కణం లోపల ఎన్ఎఫ్ కప్పా బి అనేది మేలుకుని, వాపు పుట్టించే జీన్లను తెరిచేస్తుంది. వాటిలో పెద్దది ఇంటర్‌ల్యూకిన్ 8. దాని పిలుపు విని తెల్లకణాలు గుంపులుగా వస్తాయి. సూక్ష్మజీవిని పూర్తిగా చంపలేవు, పొరను మాత్రం పాడుచేస్తాయి. మనకేమో ఒక్కోసారి చిన్న మంట కూడా తెలియదు. నొప్పి లేదంటే లోపల అంతా సద్దుమణిగిందని లెక్క కాదని నేను గట్టిగా చెబుతున్నది అందుకే.

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ మైక్రోస్కోపు కింద చూసింది ఈ జీన్ల పని ఫలితమే. ఎండోస్కోపీలో తీసిన ఆవగింజంత ముక్కలో జీర్ణాశయపు కణాలుండాలి. కొందరిలో వాటి మధ్య పేగుకి చెందిన గోబ్లెట్ కణాలు కనబడేవి. పేగులో మాత్రమే పనిచేయాల్సిన సీడీఎక్స్2 అనే జీన్, ఏళ్ళ తరబడి వాపున్న జీర్ణాశయంలో తెరుచుకుంటుంది. కణాలు తమ జాతే మార్చుకుంటాయి. యాంటీబాడీలకు పదును పెట్టడానికి బి కణాలు వాడుకునే ఏఐడీ అనే ఎంజైమ్ ఉంది. అది డీఎన్ఏ అక్షరాలను మార్చేది. ఈ ఇన్ఫెక్షన్ వల్ల జీర్ణాశయపు కణాల్లో కూడా అది తయారవుతుందనీ, క్యాన్సర్‌ని అడ్డుకునే పీ53 జీన్‌లోనే మార్పులు తెస్తుందనీ 2007లో క్యోటో పరిశోధకులు చూపించారు. ఆ పేపర్ చదివిన రోజు నేను అన్నం సరిగా తినలేదు.

తెరుచుకునేవి అవి. మూసుకుపోయేవీ ఉన్నాయి. కణాన్ని కణంతో పట్టి ఉంచే ఈ-కాడ్‌హెరిన్ లాంటి జీన్ల మొదట్లో మిథైల్ ముక్కలు అంటుకుని, తూము దగ్గర పూడిక చేరినట్టు దారి మూసేస్తాయి. సూక్ష్మజీవిని పూర్తిగా నిర్మూలిస్తే వాపు జీన్లు క్రమంగా సద్దుమణుగుతాయి. పూడిక కొంత తగ్గుతుంది, కొంత ఉండిపోతుంది. ఎంత తొందరగా పోగొడితే అంత తక్కువ పూడిక. నీకు ముప్ఫై కూడా నిండలేదు. ఇదే మంచి సమయం, బంగారం.

భయపెడుతున్నానని మీ అమ్మ నామీద కోప్పడుతుంది. భయపడకు. జపాన్‌లో ఈ ఇన్ఫెక్షన్ ఉన్న 1246 మందిని సుమారు ఎనిమిదేళ్ళు కనిపెట్టి చూస్తే 36 మందికి జీర్ణాశయ క్యాన్సర్ వచ్చింది. ఇన్ఫెక్షన్ లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదు. అంటే ఉన్నవాళ్ళలో కూడా చాలామందికి ఏమీ కాలేదు. కానీ మన ఇంట్లో మీ తాతయ్యకి ఇది జరిగింది. ఆ చాలామందిలో మనం ఉంటామని నేను ధీమాగా ఉండలేను.

కాకినాడ రంగరాయలో నేను పీజీ చేసే రోజుల్లో కడుపులో పుండంటే దిగులు, మిరపకాయలు, ఆమ్లం అనేవారు. ఆ ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదని పుస్తకాలు చెప్పేవి. రోగులకి చప్పిడి కూడు, పాలు. అప్పటికీ తగ్గకపోతే వేగస్ నరం కోసి, కడుపుకీ పేగుకీ కొత్త దారి కుట్టేవారు. పోర్టులో బస్తాలు మోసే మనిషి ఒకాయన ఆపరేషనయ్యాక మా లేబరేటరీ గుమ్మంలోకి వచ్చి, ఇక కారం తినొచ్చా అమ్మా అని అడిగాడు. ఆయన ముఖం నాకిప్పటికీ గుర్తే. మా రూమ్మేటుది తుని, సెలవుల నుంచి వచ్చేటప్పుడు తాండ్ర తెచ్చేది. ఇద్దరం అది నములుతూ, ఆలస్యంగా వచ్చిన విదేశీ పత్రికలు తిరగేసేవాళ్ళం. మార్షల్, వారెన్ 1984లో లాన్సెట్‌లో రాసిన వ్యాసం అలాగే చదివాం. వంకర తిరిగిన సూక్ష్మజీవులు వాపున్న కడుపుల్లో ఉన్నాయని రాశారు. ఆ ఏడాదే మార్షల్ ఆ సూక్ష్మజీవుల్ని తనే తాగేశాడు, కొద్ది రోజుల్లోనే వాంతులు, లోపొర వాపు. లోకం నమ్మడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చినప్పుడు మా తుని అమ్మాయి అమెరికా నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. ఆ పోర్టు మనిషికి రెండు వారాల మాత్రలతో పోయేది కదా అని.

ఇప్పుడు ఆ రెండు వారాల మాత్రలు నీ చేతిలో ఉండి, నువ్వు ఆరు రోజులకి ఆపావు.

సొరుగులో మిగిలినవి మళ్ళీ మొదలెట్టకు. సగంలో ఆపితే బతికి బయటపడేవి మందుకి లొంగని మొండివి. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కి లొంగకుండా ఉండటానికి సూక్ష్మజీవి డీఎన్ఏలో ఒక్క అక్షరం మారితే చాలు. మన దేశంలో అలా మారినవి అసలే ఎక్కువ. డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆపేశానని ఉన్నది ఉన్నట్టు చెప్పు. బిస్మత్ కలిపిన వేరే మందులు ఇవ్వచ్చు. మలం నల్లగా వస్తుంది, దానికి కంగారుపడకు. నోరు చేదెక్కితే ఓర్చుకో. మీ అమ్మకి చెప్పి నిమ్మకాయ ఊరగాయ పంపిస్తాను.

అన్నిటికంటే ముఖ్యం, మందులయ్యాక పరీక్ష. ఇది చేయించుకోనివాళ్ళే ఎక్కువ. యాంటీబయాటిక్స్ అయ్యాక నాలుగు వారాలు ఆగి, ఆమ్లం మాత్ర రెండు వారాలు మానేసి, గాలి ఊదే యూరియా పరీక్షో, మలంలో యాంటిజెన్ పరీక్షో చేయించుకోవాలి. ఆమ్లం మాత్ర వేసుకుంటూ చేయిస్తే ఉన్నా లేనట్టు రావచ్చు. రక్తపరీక్ష వద్దు. యాంటీబాడీలు సూక్ష్మజీవి పోయాక కూడా నెలలూ ఏళ్ళూ ఉంటాయి, ఆ కాగితం నీకేమీ చెప్పదు. లేబరేటరీ వాడు చవకని చెప్పినా వద్దు. నొప్పి లేదు కదా అని పరీక్ష మానేస్తే మాత్రం నేను రైలెక్కి వస్తాను. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. ఆ రిపోర్టు వచ్చిన రోజే ఫోటో తీసి పంపు, నేను చదువుకోవాలి.

చిక్కిపోయావని మీ అమ్మ అంది. రాత్రి తొమ్మిదింటికల్లా తిను. ఆఫీసు అలాగే ఉంటుంది.

ఆశీస్సులతో,
అత్తయ్య

తా.క. మీ నాన్నకి కూడా ఈ పరీక్ష చేయించాలి. అన్నయ్య నా మాట వినడు, నాకేం లేదంటాడు. నువ్వు చెబితే వింటాడు. దసరాకి వచ్చినప్పుడు నువ్వే దగ్గరుండి తీసుకెళ్ళు.