తొట్టిలో నిమ్మచెట్టు

నేలలో నాటిన చెట్టుకు భూమి ఆధారమే కాక భాండాగారం కూడా. వేసవిలో పైమట్టి ఎండిపోతే అది తన వేళ్ళను తడి ఉన్న చోటికి పంపుకొంటుంది. ఒక దిక్కున బండ అడ్డుపడితే మరొక దిక్కునకు మళ్ళుతుంది. యజమాని పదిదినాలు ఊరు విడిచి వెళ్ళినా తన బ్రతుకు తాను బ్రతుకుతుంది. తొట్టిలోని చెట్టుకు ఆ స్వేచ్ఛ లేదు. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతే దానికి లోకం. అందులో లేనిదేదైనా మనిషి తెచ్చి ఇవ్వవలసిందే. కనుక తొట్టిలో ఫలవృక్షాన్ని పెంచదలచినవారు ముందుగా ఆ బాధ్యతను గుర్తించాలి.

నేడు నగరాలలో పెరడు అరుదైనది. మేడమీది ఎండే చాలామందికి మిగిలిన తోట. అచ్చట పెంచడానికి నిమ్మ అనువైనది. దాని వేళ్ళు మిక్కిలి లోతుకు పోవు. కొమ్మలు కత్తిరింపును సహిస్తాయి. గింజనుండి మొలిచిన మొక్క కాపుకు రావడానికి అయిదారేండ్లు పట్టవచ్చు. అంటుమొక్క రెండు మూడేండ్లలోనే కాస్తుంది. గజ్జితెగులును తట్టుకొనే బాలాజీ రకం తెలుగునాట రైతులకు సుపరిచితం.

సుమారు 100 లీటర్ల తొట్టి తడిమట్టితో నిండితే 150 కిలోల వరకు తూగుతుంది. అందుచేత దానిని స్తంభమో దూలమో ఉన్నచోట, ఇటుకలపై నిలపాలి. అడుగున రంధ్రాలు చేసి, వాటిపై పెంకుముక్కలు పరచాలి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి, కొద్దిగా వేపపిండి చేర్చి నింపాలి. నల్లరేగడి పనికిరాదు. అది తడిసినప్పుడు వేళ్ళకు గాలి అందనీయదు. ఎండినప్పుడు బీటలు వారుతుంది.

ఆకులు వాడగానే నీరు పోయడం చాలామంది చేసే పొరపాటు. నీరు చాలకపోయినా, అధికమై వేళ్ళు కుళ్ళినా ఆకులు ఒకే విధంగా వాడుతాయి. మట్టిలో రెండంగుళాల లోతున వేలుపెట్టి చూచిన పిమ్మటనే నీరు పోయాలి. పోసిన నీటితోపాటు పోషకాలు కూడా రంధ్రాలగుండా జారిపోతాయి. అందువలన ఎరువును కొద్దికొద్దిగా, తరచుగా వేయాలి. లేత ఆకులలో ఈనెలు పచ్చగా ఉండి నడుమ పసుపు వన్నె తేలితే ఇనుము, జింకు వంటి సూక్ష్మపోషకాలు కొరవడినవని గ్రహించాలి. పక్షిరెట్టవలె కనిపించే గొంగళిపురుగులు లేత ఆకులను తినివేస్తాయి. వాటిని చేతితో ఏరివేయవచ్చు. రెండు మూడేండ్లకొకసారి చెట్టును వెలికితీసి, తొట్టిగోడ వెంబడి చుట్టుకొన్న వేళ్ళను కొంత కత్తిరించి, కొత్త మట్టిలో తిరిగి నాటాలి.

ఇంత శ్రమించినా తొట్టిలోని చెట్టు అల్పాయుష్కమని భావించరాదు. ఫ్రాన్సు దేశంలోని వెర్సాయ్ ప్రాసాదంలో పదునాలుగవ లూయీ రాజు కోసం 1684-86 సంవత్సరాల మధ్య ఒక విశాలమైన నారింజశాలను నిర్మించారు. నారింజ, నిమ్మ చెట్లను కొయ్యపెట్టెలలో పెంచి, చలికాలంలో ఆ శాలలో ఉంచి, వేసవిలో వెలుపలికి తరలిస్తారు. 1789లో విప్లవం వచ్చింది, రాచరికం గతించింది. ఆ పెట్టెలలోని చెట్లకు నీరు పోసే పని మాత్రం ఆగలేదు. నేడు అచ్చట ఉన్న కొన్ని చెట్లు రెండువందల ఏండ్లకు పైబడినవి. ఏ ఒక్క తోటమాలి జీవితకాలమూ వాటికి చాలదు. ఒకరు అలసినప్పుడు మరొకరు అందుకోవడంవల్లనే అవి నిలిచాయి.

సెలవులకు ఊరు వెళ్ళేవారు ఇంటి తాళంచెవితోపాటు నిమ్మచెట్టు బాధ్యతను కూడా పొరుగువారికి అప్పగించడం అందుకే అవసరం. తొట్టిలోని చెట్టు వానకోసం ఎదురుచూడదు, మనిషికోసం ఎదురుచూస్తుంది.

అర్థాలు
భాండాగారం = వస్తువులు నిలువచేసే చోటు
అల్పాయుష్కం = తక్కువ ఆయుస్సు కలది
ప్రాసాదం = రాజభవనం

ప్రశ్నలు
1. నేలలోని చెట్టుకు, తొట్టిలోని చెట్టుకు గల భేదమేమి?
2. ఆకులు వాడినంతమాత్రాన నీరు పోయరాదనడానికి కారణమేమి?
3. వెర్సాయ్ నారింజశాల ఉదాహరణవల్ల పాఠం బోధించే విషయాన్ని వివరించండి.