లోడ్ పెట్టి చూడండి!

మీ పాత సెయిల్‌బోట్‌లో వీహెచ్‌ఎఫ్ రేడియో బాగానే వినిపిస్తోంది. మాట్లాడదామని మైక్ బటన్ నొక్కగానే డిస్‌ప్లే మసకబారుతోంది. ఒక్కోసారి రేడియో మొత్తం ఆగిపోయి మళ్లీ ఆన్ అవుతోంది. ఏం చేస్తారు?

చాలామంది కొత్త రేడియో కొంటారు. వారం తిరక్కుండా కొత్తది కూడా అదే వేషం వేస్తుంది. అప్పుడు బ్యాటరీ మారుస్తారు. ఆ తర్వాత యాంటెన్నా. గుడ్డెద్దు చేలో పడ్డట్టు డబ్బు పోతూనే ఉంటుంది.

మీరు అలా చెయ్యరు. ఇవాళ్టి నుంచి మీరు కొలిచే మనిషి.

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఒడ్డున, అలమేడాలో ఉన్న మిత్రుడి బోటు మీద నేనీ సంగతి నేర్చుకున్నాను. 1980ల నాటి ముప్ఫై రెండడుగుల బోటు. ఎలక్ట్రికల్ ప్యానెల్ కూడా అప్పటిదే. ఆయన అప్పటికే రెండు రేడియోలు మార్చాడు. తప్పంతా ఆ ప్యానెల్‌లోని ఒక బ్రేకర్‌ది. నలభై ఏళ్లు ఉప్పుగాలి తిన్న, బొటనవేలంత మీట.

ఆ బేలో ఎండాకాలం పొగమంచు దిగిందంటే ఎదురుగా వచ్చే పెద్ద ఓడ కూడా కనబడదు. అక్కడ ఓడల రాకపోకలు చూసే ట్రాఫిక్ సర్వీస్ చానల్ 14లో ఉంటుంది. ఆపదలో పిలవాల్సింది చానల్ 16. మీ మాట ఎవరికైనా చేరాలంటే ముందు కరెంటు ఆ బ్రేకర్ మీట దాటాలి.

తప్పు ఎప్పుడు బయటపడుతుంది?

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. మొత్తం కిటుకు ఇదే.

రేడియో ఊరికే వింటున్నప్పుడు అర ఆంపియర్ లోపే తీసుకుంటుంది. మీరు 25 వాట్ల మీద మాట్లాడితే సుమారు 5 ఆంపియర్లు లాగుతుంది. బ్రేకర్ లోపలి కాంటాక్టులు అరిగి, నల్లబడి, 0.2 ఓమ్‌ల రెసిస్టెన్స్ వచ్చిందనుకోండి. 0.4 ఆంపియర్ల దగ్గర పోయేది 0.08 వోల్టు. ఎవరికీ తెలియదు. 5 ఆంపియర్ల దగ్గర పోయేది ఏకంగా ఒక వోల్టు. పైగా 5 వాట్ల వేడి ఆ చిన్న డబ్బాలోనే పుడుతుంది. ఆ వేడికి కాంటాక్టులు ఇంకా పాడవుతాయి.

మన ఊళ్లో ఇంటి 230 వోల్టుల్లో ఒకటి పోతే లెక్కలోకి రాదు. బోటులో ఉన్నవే పన్నెండు. చాలా మెరైన్ రేడియోలు 13.8 వోల్టులకు, అటూ ఇటూ 15 శాతం తేడాతో తయారవుతాయి. అంటే 11.7 దగ్గర కింది గీత. పూర్తిగా నిండిన బ్యాటరీ 12.6 ఇస్తే, బ్రేకర్ ఒక వోల్టు తినేస్తే, మీ రేడియో ఆ గీత కింద ఉన్నట్టే.

ఇప్పుడు చూడండి. రేడియో ఆపేసి, బ్రేకర్ అవతల మల్టీమీటర్ పెడితే 12.6 చూపిస్తుంది. కరెంటు పారడం లేదు కాబట్టి పోయేదీ లేదు. "బ్రేకర్ బాగుంది" అని మీరు ముందుకు వెళ్లిపోతారు. ఇక్కడే అందరూ దారి తప్పేది. ఖాళీగా ఉన్న సర్క్యూట్ ఎప్పుడూ ఆరోగ్యంగానే కనిపిస్తుంది. లోడ్ పెట్టండి, అంటే పరికరాన్ని నడిపించండి. అప్పుడు కొలవండి.

ఇంకో మాట. మనవాళ్ల జేబులో ఉండే స్క్రూడ్రైవర్ టెస్టర్ ఇక్కడ పనికిరాదు. దాని లోపలి నియాన్ దీపం వెలగడానికి 12 వోల్టులు చాలవు. టెస్టర్ వెలగలేదని కరెంటు లేదనుకోకండి. మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కొనండి. ఖరీదైనది అక్కర్లేదు.

పది నిమిషాల పరీక్ష

ముందు జాగ్రత్త. ఒడ్డు నుంచి కరెంటు తెచ్చే షోర్ పవర్ కేబుల్ పీకేయండి. ఇన్వర్టర్ ఆపండి. పాత ప్యానెళ్ల వెనక 12 వోల్టుల తీగలూ, 120 వోల్టుల తీగలూ పక్కపక్కనే ఉంటాయి. ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టండి. 12 వోల్టులు షాక్ కొట్టవు, నిజమే. కానీ బ్యాటరీ రెండు కొసల మధ్య ఉంగరం తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతుంది.

ఇక మొదలుపెట్టండి.

1. మీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టండి.
2. ఎర్ర ప్రోబ్ బ్రేకర్ లోపలికి కరెంటు వచ్చే స్క్రూ మీద, నల్ల ప్రోబ్ బయటికి వెళ్లే స్క్రూ మీద పెట్టండి.
3. తోడు ఒకరిని మైక్ నొక్కమనండి. లైటు సర్క్యూట్ అయితే లైట్లన్నీ వెయ్యమనండి.
4. మీటర్ చూపించే అంకె, బ్రేకర్ తింటున్న వోల్టేజ్. రాసుకోండి.

0.1 లోపు ఉంటే బ్రేకర్‌ను వదిలేయండి. అది దాటితే అనుమానించండి. 0.3 దాటితే ఇక వాదన అక్కర్లేదు.

కానీ వెంటనే బ్రేకర్ పీకెయ్యకండి. ప్రోబ్‌లను స్క్రూల మీద నుంచి తీసి, తీగ చివర ఉన్న రింగ్ టెర్మినల్స్ మీద పెట్టి మళ్లీ కొలవండి. అంకె పెరిగిందా? అయితే తప్పు బ్రేకర్‌లో మాత్రమే లేదు, టెర్మినల్‌కీ స్క్రూకీ మధ్య కూడా ఉంది. అక్కడ ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటుంది. మెయిన్ స్విచ్ ఆపి, విప్పి, గరుకు కాగితంతో తీగ వైపు, స్క్రూ వైపు మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించండి. చాలాసార్లు పని అక్కడే అయిపోతుంది.

నెగెటివ్ వైపు మర్చిపోకండి. వెళ్లిన కరెంటు తిరిగి రావాలి. ప్యానెల్ వెనక నెగెటివ్ తీగలన్నీ కలిసే బస్‌బార్ నుంచి బ్యాటరీ నెగెటివ్ దాకా అదే పరీక్ష చేయండి. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం నావిగేషన్ లైట్లు, రేడియో లాంటి ముఖ్యమైన సర్క్యూట్లలో తీగల మీద పోయే వోల్టేజ్ 3 శాతం మించకూడదు. 12 వోల్టుల్లో అది 0.36. రానూ పోనూ కలిపి.

పదేపదే ట్రిప్ అవుతోందా?

ట్రిప్ అయిన బ్రేకర్ మీద కోపం తెచ్చుకోకండి. అది తన పని తాను చేసింది. తీగ కాలకుండా ఆపింది. అవును, బ్రేకర్ ఉన్నది తీగను కాపాడటానికే. ఈ ఒక్క వాక్యం మనసులో నాటుకుంటే సగం తప్పులు మీరిక చెయ్యరు.

ఒక్కసారి రీసెట్ చేయండి. రెండోసారి పడితే చెయ్యి వెనక్కి తీసుకోండి. లోడ్ వైపు తీగ విప్పి పక్కన పెట్టి, బ్రేకర్ వేసి చూడండి. తీగ లేకపోయినా పడిపోతుంటే బ్రేకర్ పోయింది. నిలబడితే, గొడవ తీగలోనో, అవతలి పరికరంలోనో ఉంది.

అప్పుడు డీసీ కొలిచే క్లాంప్ మీటర్ కావాలి. తీగ చుట్టూ పెట్టి చూడండి. 4 ఆంపియర్లు తీసుకోవాల్సిన పంపు 9 తీసుకుంటోందా? ఇంపెల్లర్‌లో తాడు ముక్కో, వెంట్రుకల ఉండో చిక్కుకుని ఉండొచ్చు. 10 ఆంపియర్ల బ్రేకర్ 6 దగ్గరే నిమిషంలో పడిపోతోందా? అది అలసిపోయింది. మార్చండి.

ఇక మీరు ఎప్పటికీ చెయ్యకూడని పని ఒకటుంది. 10 తీసేసి 20 పెట్టడం.

మన ఇళ్లలో ఇది ఎంత చూశామో! పింగాణీ ఫ్యూజ్ క్యారియర్‌లో సన్న తీగ కాలిపోతుంది. ఎవరో ఒకరు "మళ్లీ మళ్లీ ఎందుకు" అని లావు తీగ చుడతారు. ఆ రోజు నుంచి ఫ్యూజ్ పోదు. పోయేది గోడలో ఉన్న వైరు. బోటులో ఆ వైరు ఫైబర్‌గ్లాస్ గోడకూ చెక్క లైనింగ్‌కూ మధ్య ఉంటుంది. అక్కడ నిప్పు రాజుకుంటే దిగి పారిపోవడానికి రోడ్డు ఉండదు. సౌకర్యం కోసం హెచ్చరిక నోరు నొక్కే అలవాటు మీలో ఎక్కడున్నా సరే, ఇక్కడే తుంచెయ్యండి.

ఇంకా భయపడాల్సింది అసలు ట్రిప్ కాని బ్రేకర్‌కి. కాంటాక్టులు అతుక్కుపోతే అది మౌనంగా కూర్చుంటుంది. మీట వేస్తే "టక్" మని తెగినట్టు శబ్దం రావాలి. మెత్తగా, జావలా కదిలితే, ప్లాస్టిక్ గోధుమ రంగుకి మారితే, ముట్టుకుంటే వేడిగా ఉంటే కొలత కోసం కూడా ఆగకండి. తీసెయ్యండి. లోపల నూనె స్ప్రే కొట్టి బతికించాలని చూడకండి.

కొత్తది పెట్టేటప్పుడు

ఊరి నుంచి వస్తూ ఇంటి ఎంసీబీ తెచ్చి బిగించాలన్న ఆలోచన వస్తుంది. వద్దు. ఇంటి ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకి వస్తుంది. బ్రేకర్ తెరుచుకున్నప్పుడు పుట్టే నిప్పురవ్వ అక్కడ ఆరిపోతుంది. డీసీ ఎప్పుడూ సున్నాకి రాదు. రవ్వ ఎక్కువసేపు సాగుతుంది, కాంటాక్టులను తింటుంది. అందుకే డీసీ రేటింగ్ ఉన్న మెరైన్ బ్రేకరే కొనండి. అదే ఆంపియర్లు, అదే సైజు. 1970ల బోట్లలో ఆటమిక్ ఫోర్ లాంటి పెట్రోల్ ఇంజన్ ఉంటే, ఇంజన్ గదిలోనో ట్యాంకు దగ్గరో పెట్టే బ్రేకర్ ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్ అని రాసి ఉన్నదే కావాలి. లేకపోతే ఆ రవ్వకి పెట్రోల్ ఆవిరి అంటుకుంటుంది.

తీగ చివర తగరం పూత ఉన్న రింగ్ టెర్మినల్ వాడండి. రాచెట్ క్రింపర్‌తో నొక్కండి. లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. ఉప్పునీటి తేమ రాగి పోగుల వెంట లోపలికి పాకుతుంది. దాన్ని ఆపేది ఆ జిగురే.

మీరు పెంచుకోవాల్సిన అలవాట్లు

బ్రేకర్‌ని స్విచ్‌గా వాడకండి. లైటు ఆపాలంటే లైటు దగ్గరి స్విచ్ ఆపండి. లోడ్ మీద బ్రేకర్ తెరిచిన ప్రతిసారీ కాంటాక్టులు కొంచెం కాలతాయి.

మూడు నెలలకోసారి లోడ్‌లన్నీ ఆపి, ప్రతి మీటనూ పదిసార్లు పైకీ కిందికీ కదపండి. కదలని కాంటాక్టు మీద పొర పేరుకుంటుంది. కదిపితే ఆ రాపిడికే చెరిగిపోతుంది. పది నిమిషాల పని. బద్ధకించకండి.

ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి బ్రేకర్‌కి ఒక వరుస. తేదీ, లోడ్, పోయిన వోల్టేజ్. పోయిన వేసవిలో 0.05, ఇప్పుడు 0.15 అని కనిపిస్తే, రేడియో మూగబోకముందే మీకు తెలిసిపోతుంది. జ్ఞాపకం మీద ఆధారపడకండి. అంకె మీద ఆధారపడండి.

"నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, ఇవన్నీ నాకు రావు" అంటారా? ఒప్పుకోను. లోపం ఎక్కడుందో సగం సగం విడగొట్టుకుంటూ వెతకడం మీకు రోజూ అలవాటే. ఇక్కడ చెయ్యాల్సిందీ అదే. కోడ్‌కి బదులు రాగి తీగ, అంతే తేడా.

సముద్రంలో వేరే దారీ ఉండదు. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే సెయిల్‌బోట్ మీద ఆరుగురు భారత నేవీ మహిళలు బయల్దేరి, భూగోళం చుట్టి, 2018 మే 21న తిరిగొచ్చారు. వారిలో ఇద్దరు మన తెలుగువాళ్లు. విశాఖ నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. అంత సముద్రం మధ్యలో ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చెయ్యడం కుదరదు. బోటులో ఉన్నవాళ్లే బాగు చేసుకోవాలి. మీరు వెళ్లేది బే బయట ఉన్న ఫరలోన్ దీవుల దాకానే కావచ్చు. ఆ దారిలోనూ ఎలక్ట్రీషియన్ రాడు.

ఈ శనివారం బోటుకి వెళ్లేటప్పుడు మల్టీమీటర్, టార్చ్, గరుకు కాగితం, పెన్ను తీసుకెళ్లండి. మొదట రేడియో బ్రేకర్ కొలవండి, మైక్ నొక్కి పట్టుకుని. వచ్చిన అంకె నోట్‌బుక్ మొదటి పేజీలో, తేదీతో సహా రాయండి.