శబ్ద వివేచనము: మూగజీవుల నుండి మనము నేర్వవలసిన పాఠము

సూర్యాపేట బస్సు స్టాండులో కొంతసేపు నిలుచున్న వారెవరైనను ఒక విషయము గమనింపవచ్చును. కండక్టరు ఒక్క ఈల వేసిన బస్సు ఆగును. రెండు ఈలలు వేసిన కదలును. డ్రైవరు వెనుదిరిగి చూడడు, ప్రశ్నింపడు. ఆ రెండు శబ్దముల నడుమ గల భేదమే అతనికి చాలును. ఇట్లు ఒక శబ్దమును మరియొక శబ్దము నుండి విడదీసి గుర్తించి, దానికి తగిన విధముగా నడుచుకొనుటను శబ్ద వివేచనము అందురు.

ఈ శక్తి మానవునికి మాత్రమే సొంతము కాదు. గొర్రెల కాపరి కేక విని మంద అతని వైపు మరలుట, యజమాని బండి చప్పుడు విని కుక్క వాకిటికి పరుగెత్తుట మనము చూచుచునే యున్నాము. అయితే నోరులేని జీవి ఏ భేదమును వినుచున్నదో, ఎంత సూక్ష్మమైన భేదము వరకు వినగలదో తెలుసుకొనుట ఎట్లు? అడిగిన అది బదులు చెప్పదు. కనుక దానికి ఒక శిక్షణ నిచ్చి, ఆ శిక్షణ ద్వారానే ప్రశ్న వేయవలసి యున్నది. నూరేండ్లకు పైగా శాస్త్రజ్ఞులు చేసిన ఆ పనిని క్లుప్తముగా వివరించి, రెండు భాషల నడుమ పెరుగు మన విద్యార్థులకు అది ఏమి చెప్పుచున్నదో చూపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

గంగిరెద్దు, హాన్స్ గుర్రము

సంక్రాంతి దినములలో కోదాడ, మిర్యాలగూడ వీధులలోనికి గంగిరెద్దుల వారు వత్తురు. "అయ్యగారికి దండము పెట్టు" అనగానే ఎద్దు తల వంచును. పిల్లలు అది తెలుగు మాటలు తెలిసిన ఎద్దని నమ్ముదురు. కాని ఆ ఎద్దు విన్నది మాటనా, స్వరము యొక్క తీరునా? లేక ముకుతాడు కదలికను, ఆడించువాని చేతిని కనిపెట్టినదా? చూచినంత మాత్రమున చెప్పజాలము.

సరిగా ఇట్టి సందేహమే జర్మనీలో ఒక గుర్రము విషయమున కలిగినది. వాన్ ఓస్టెన్ అను ఉపాధ్యాయుని గుర్రము హాన్స్, లెక్కలకు జవాబుగా గిట్టతో నేలపై అన్ని మార్లు తట్టుచుండెడిది. 1904లో పెద్దల సంఘమొకటి పరీక్షించి ఇందులో మోసము లేదని తేల్చినది. తరువాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అను పరిశోధకుడు మరింత జాగ్రత్తగా పరీక్షింపగా అసలు సంగతి బయటపడినది. అడుగువానికి జవాబు తెలియనప్పుడును, అడుగువాడు కనబడనప్పుడును గుర్రము తప్పుచుండెను. సరియైన సంఖ్య రాగానే మనుష్యుని తలలో తెలియకుండ కలుగు స్వల్ప కదలికను అది కనిపెట్టుచుండెనని ఆయన 1907లో వెల్లడించినాడు.

దీని నుండి రెండు నియమములు స్థిరపడినవి. శబ్దమును పరీక్షించునపుడు పరీక్షకుడు జంతువునకు కనబడరాదు. రెండు సందర్భముల నడుమ శబ్ద భేదము తప్ప వేరు భేదము ఉండరాదు.

పావ్‌లోవ్ కుక్కలు

రష్యా దేశీయుడైన ఇవాన్ పావ్‌లోవ్ (1849–1936) జీర్ణక్రియపై చేసిన కృషికి 1904లో నోబెల్ బహుమానము పొందినాడు. ఆయన ప్రయోగశాలలో ఒక నాదము వినిపించి వెంటనే ఆహారము పెట్టుచుండగా, కొన్నాళ్ళకు ఆ నాదము వినినంతనే కుక్క నోట లాలాజలము ఊరసాగినది. ఆశ్చర్యమేమనగా, దానిని పోలిన మరియొక నాదము వినిపించినను లాలాజలము ఊరెడిది. అనగా నేర్చిన పాఠము మొదట ఇరుగుపొరుగు శబ్దములకు కూడ వ్యాపించును. అప్పుడు ఒక నాదమునకు మాత్రమే ఆహారమిచ్చి, రెండవ దానికి ఈయక పలుమార్లు వినిపింపగా, కుక్క మెల్లమెల్లగా రెంటిని వేరుచేసినది. బయటి చప్పుళ్ళు అడ్డుపడకుండుటకై మందమైన గోడలతో ప్రత్యేక భవనమునే కట్టించుకొనినారు. దానిని మౌన గోపురమని పిలిచెడివారు.

అదే ప్రయోగశాలలో కంటికి సంబంధించిన ప్రయోగమొకటి ఇక్కడ చెప్పదగినది. వృత్తమును చూపి ఆహారమిచ్చి, కోడిగ్రుడ్డు ఆకారమును చూపి ఈయక, ఆ ఆకారమును క్రమముగా వృత్తమునకు దగ్గర చేయుచు వచ్చినారు. దాని పొడవు వెడల్పుల నిష్పత్తి 9:8 వరకు రాగానే కుక్క భేదము తెలిసికొనలేక అరచి, గింజుకొని, అంతకుముందు సులభముగా గుర్తించిన భేదములను సైతము మరచినది. శక్తికి మించిన పరీక్ష వచ్చిన విద్యను కూడ పోగొట్టునని దీనివలన తెలియుచున్నది.

చించిల్లా విన్న ‘ట’, ‘డ’

నాదముల నుండి ఇక మాటల ధ్వనులకు వత్తము. మన వ్యాకరణము క, చ, ట, త, పలను పరుషములనియు, గ, జ, డ, ద, బలను సరళములనియు చెప్పును. వీని భేదము కాలములో నున్నది. నాలుక అడ్డు తొలగిన క్షణమునకును, కంఠములోని నాదతంత్రులు కంపింపసాగిన క్షణమునకును నడుమ గల వ్యవధియే ఆ కాలము. మన ‘ద’లో అడ్డు తొలగుటకు ముందే కంపనము మొదలగును. ‘త’లో తొలగిన వెంటనే మొదలగును. ‘థ’లో ఊపిరి వెలువడిన పిదప, కొంత ఆలస్యముగా మొదలగును. ఈ వ్యవధిని మిల్లీసెకన్లలో, అనగా సెకనులో వెయ్యవ వంతులలో కొలుతురు. ఆంగ్లములోని ‘డ’కు ఇది సున్నకు దగ్గర, ‘ట’కు సుమారు 70, 80 మిల్లీసెకన్లు.

అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున బధిరుల కేంద్ర సంస్థలో పనిచేసిన పట్రీషియా కూల్, జేమ్స్ మిల్లర్ అను వారు 1975లో ఒక ప్రసిద్ధ పరిశోధన ప్రకటించినారు. చించిల్లా దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో పుట్టిన, దట్టమైన బొచ్చు గల చిన్న జంతువు. దాని వినికిడి మన వినికిడికి దగ్గరగా నుండును. దప్పిగొన్న చించిల్లా గొట్టము వద్ద నీరు త్రాగుచుండగా అక్షరములు వినిపించెడివారు. ఒక అక్షరము వినబడిన అది పంజరములో అవతలి వైపునకు పోవలెను, లేనిచో స్వల్ప విద్యుద్ఘాతము తగులును. రెండవది వినబడిన నిశ్చింతగా నీరు త్రాగవచ్చును.

ఈ శిక్షణ పలువురి గొంతులతో, ‘అ, ఇ, ఉ’ అను వేర్వేరు అచ్చులతో జరిగినది. తరువాత మునుపెన్నడు వినని గొంతులు వినిపించినను చించిల్లాలు ‘ట’, ‘డ’లను సరిగానే విడదీసినవి. పిమ్మట యంత్రముతో సున్న నుండి 80 మిల్లీసెకన్ల వరకు అంచెలంచెలుగా కల్పించిన ధ్వనులు వినిపించినారు. చివరి రెంటికి మాత్రమే శిక్షణ యుండెను. నడిమి వానికి అది ఏమి చేసినను శిక్ష లేదు. అయినను అది ఎక్కడో ఒకచోట గీత గీయవలసి వచ్చినది. ఆ గీత సుమారు 30, 35 మిల్లీసెకన్ల నడుమ పడినది. ఆంగ్లము మాట్లాడు మనుష్యులు గీయు గీతయు అక్కడనే!

అంతవరకు పలువురు పండితులు ఇట్టి హద్దులు మానవుడు మాట్లాడగలవాడగుట చేతనే ఏర్పడినవని తలచిరి. మాటలాడని జీవి అదే హద్దును చూపుటతో ఆ వాదము బలహీనపడినది. 1987లో జపాను జాతి కౌజు పిట్టలు ‘డ’ను ‘బ, గ’ల నుండి విడదీయ నేర్చి, శిక్షణలో లేని అచ్చుల ముందు కూడ గుర్తించినవి. 2005లో ఎలుకలు డచ్చి, జపాను భాషల వాక్యముల నడక భేదమును పట్టుకొన్నవి. ఆ వాక్యములనే తలక్రిందులుగా వినిపింపగా పట్టుకొనలేకపోయినవి. అయితే ఈ జీవులకు అర్థము తెలిసినదని మనము పొరబడరాదు. అవి విన్నది ధ్వనిని మాత్రమే. ధ్వనిని వినుటకు కావలసిన చెవి మాత్రము మనకు, వానికి చాలవరకు ఉమ్మడి సొత్తు.

జంతువులను దప్పికకు, విద్యుద్ఘాతమునకు గురిచేయుట ఎంతవరకు న్యాయమను ప్రశ్న కూడ మన ముందున్నది. మన దేశములో 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము ఇట్టి ప్రయోగములపై పర్యవేక్షణకు వీలు కల్పించినది. సాధ్యమైనంత వరకు బాధ లేని మార్గమునే అనుసరింపవలెననుట నేటి శాస్త్రజ్ఞుల నియమము.

పసిబిడ్డ, విద్యార్థి

బాధ లేని మార్గమునకు చక్కని ఉదాహరణము పసిబిడ్డలపై జరిగిన పరిశోధన. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనువారు ధ్వని మారినపుడు తల త్రిప్పిన బిడ్డకు వెలుగుతో కదలు ఆటబొమ్మను బహుమానముగా చూపినారు. ఆంగ్లము మాత్రమే వినుచు పెరుగు 6–8 నెలల బిడ్డలు హిందీలోని ‘ట’, ‘త’ల భేదమును గుర్తించినారు. 10–12 నెలల వారిలో ఆ నేర్పు చాలవరకు సన్నగిల్లినది. అదే వయస్సున హిందీ ఇండ్ల బిడ్డలు గుర్తించుచునే యున్నారు. 1984లో వెలువడిన ఈ ఫలితము ప్రకారము, చెవి మొద్దుబారుట లేదు. ఇంటి భాషకు పనికిరాని భేదమును మనస్సు ప్రక్కన పెట్టుచున్నది.

ఈ మాట మా కళాశాల వంటి చోట్ల మిక్కిలి విలువైనది. ఉర్దూ ఇండ్ల నుండి వచ్చు విద్యార్థులు తెలుగు తరగతిలో ‘కళ’ను ‘కల’ అనియు, ‘వేళ’ను ‘వేల’ అనియు చదువుదురు. తెలుగు ఇండ్ల వారు ఉర్దూలోని ‘థాలీ’ని, అనగా పళ్ళెమును, ‘తాలీ’ అందురు. అది చప్పట్లు అగును. అచ్చతెనుగున మహాప్రాణములు లేవు గదా! దక్కనీ మాట్లాడు మన ఇండ్లలోనే, కంఠమూలమున పుట్టవలసిన ఖాఫ్ ధ్వని ‘ఖబర్’ అను మాటలోని మొదటి ధ్వనితో కలిసిపోయినది. ఇట్టి భేదములను శాస్త్రరీత్యా పరిశీలించుట మన ప్రాంతమునకు కొత్త కాదు. హైదరాబాదు పండితులు డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ (1905–1962) యూరపులో ధ్వనిశాస్త్రము అభ్యసించి, 1930లోనే హిందుస్తానీ ధ్వనులపై ఆంగ్లమున గ్రంథము ప్రకటించినారు.

మేమును చిన్ననాడు తరగతిలో ‘కళ’ను ‘కల’ అని చదివి నవ్వులపాలైన వారమే. ఆ తరువాత చాలకాలము ఆ అక్షరము వచ్చు వాక్యమును చదువవలసి వచ్చినప్పుడెల్ల నోరు మెదపలేదు. భేదము వినబడక కాదు, నవ్వు వినబడునను భయము చేత. పావ్‌లోవ్ కుక్క వచ్చిన పాఠమును మరచిన కథ చదివినపుడు మాకు ఆ తరగతి గదియే జ్ఞప్తికి వచ్చినది.

పోయిన భేదమును పెద్దవారు మరల పొందగలరా? పొందగలరు. ఆంగ్లములోని ‘ర’, ‘ల’లు ఒక్కటిగా వినబడు జపాను వారికి అమెరికాలో కొన్ని వారములు శిక్షణ నిచ్చి, వారు మెరుగుపడినట్లు 1991లో ప్రకటించినారు. వారికి పలువురి గొంతులు వినిపించి, ప్రతి జవాబునకు తప్పొప్పులు వెంటనే తెలిపినారు. 1993 నాటి తరువాతి పరిశోధనలో, ఒక్కరి గొంతుతోనే నేర్చినవారు కొత్త గొంతులకు ఆ నేర్పును అన్వయింపలేకపోయిరి.

కనుక మేము సూచించు పద్ధతి ఇది. పలికింపక ముందు వినిపింపుడు. పెద్ద భేదము నుండి చిన్న భేదమునకు క్రమముగా రండు. ఉపాధ్యాయుని గొంతు ఒక్కటియే కాక పలువురు విద్యార్థుల గొంతులు వాడుడు. తప్పొప్పులు తక్షణమే, మృదువుగా తెలుపుడు. ఇక పరీక్ష: పలుకువాడు తెర వెనుక నుండవలెను, లేనిచో హాన్స్ గుర్రము వలె విద్యార్థి పెదవులను చదువును. ‘కల’, ‘కళ’లను కలగలిపి ఇరువది మార్లు పలుకుడు. ఊహతో చెప్పినను సగటున పది ఒప్పగును. కావున పది ఒప్పులు విన్నట్లు కాదు. పదునైదు గాని అంతకు మించి గాని ఒప్పగుట ఊహతో నూటికి రెండు మార్లే జరుగును. అంతవరకు వచ్చినవాడు భేదమును నిజముగా వినుచున్నాడని నమ్మవచ్చును.

ఆండీస్ కొండలలోని జంతువు వినగల భేదములు, ఏడు నెలల బిడ్డ వినగల భేదములు సూర్యాపేట విద్యార్థికి వినబడవనుట సరికాదు. అతని చెవిలో లోపము లేదు, లోపించినది అభ్యాసము. చించిల్లాకు విద్యుద్ఘాతము ఎట్టిదో తరగతిలో ఎగతాళి నవ్వు విద్యార్థికి అట్టిది. దానిని మాని, పసిబిడ్డకు ఆటబొమ్మ చూపినట్లు, ఒక మెచ్చుకోలు మాటతో నేర్పుదము. రెండు భాషల ధ్వనులను చక్కగా విని పలుకగలుగుట మన విద్యార్థులకు భారము కాక సంపదయే కాగలదు.